వట్రుసుడి తెచ్చిన తంటా

దేవుడు మనుషుల తలరాతలు అచ్చుకు పంపే ముందు ప్రూఫులు ఒక్కసారి మా తాతయ్యకు చూపించి ఉంటే, ఈ లోకంలో సగం కష్టాలు ఉండేవే కావు. ఆ పైవాడికి మా చిక్కడపల్లి గల్లీ అడ్రసు తెలియకపోవడం మనందరి ఖర్మ.

మా తాతయ్య పేరు నక్కా వీరరాఘవరావు. నారాయణగూడలో ఒక ప్రెస్సులో నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దాడు. ఆరేళ్ళ కిందట ఆ ప్రెస్సు మూతబడింది. అప్పటినుంచి దిద్దడానికి ఏమీ లేక ఊరి మీద పడ్డాడు. ఎదురింటివాళ్ళ గేటు మీద ‘కుక్క ఉంది జాగ్రతా’ అని ఉంటే, వాళ్ళు లేనప్పుడు ఎర్ర రంగుతో ‘జాగ్రత్త’ చేసి వచ్చాడు. కుక్క ఊరుకుంది గానీ దాని యజమాని ఊరుకోలేదు.

ఈ జనవరిలో ఆయనకు మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర ఒక శిక్షణ సంస్థవాళ్ళు, కుర్రకారుకు పుస్తకాల పని నేర్పడానికి పాత ప్రెస్సులవాళ్ళు కావాలని ప్రకటించారు. తాతయ్య చేత్తో దరఖాస్తు నింపి ఇచ్చి వచ్చాడు. ఆ రోజే మూడు ఎర్ర పెన్నులు కొన్నాడు. ఆదివారం క్లాసులకని రెండు చొక్కాలు ఇస్త్రీ చేయించి బీరువాలో పెట్టాడు. వాటిని ఎవరైనా ముట్టుకుంటే ఇంట్లో యుద్ధమే.

జవాబు కోసం రోజుకు పదిసార్లు మెయిలు తెరిచేవాడు. అలా తెరుస్తుండగా ఒకటి వచ్చింది. ‘గౌరవనీయులైన శ్రీ వీరరాఘవరావు గారికి నమస్కారములు. తమ మెయిలు ఖాతా రేపటితో నిలిచిపోవును. పాస్‌వర్డును ధ్రువీకరించగలరు.’

తాతయ్య ఏం ఆలోచించలేదు, ధ్రువీకరించేశాడు.

మర్నాడు ఆయన పేరుతో, ఆయన మెయిలు నుంచి, తెలిసినవాళ్ళందరికీ బరువు తగ్గే పొడి ప్రకటన వెళ్ళింది. అది అందరికీ వచ్చిందని తెలియక, ప్రెస్సులో బైండింగు చేసిన పాత స్నేహితుడు జోగారావు గారు, తాతయ్య తన పొట్ట గురించే పంపాడనుకుని వారం రోజులు మాట్లాడలేదు.

"ఎలా నమ్మావు తాతయ్యా?" అని నెత్తి కొట్టుకున్నాను.

"అందరూ ధ కింద వట్రుసుడి పెడతారే! వీడు ర వత్తిచ్చి కొమ్మిచ్చాడు. గారు అన్నాడు. ఇంత చదువుకున్నవాడు దొంగెలా అవుతాడు?"

నేను ఇంటరు మధ్యలో వదిలేసి అశోక్‌నగర్‌లో జిరాక్సు షాపులో కోచింగు పిల్లలకు ఫారాలు నింపుతాను కాబట్టి, ఇంట్లో కంప్యూటరు పండితురాలిని నేనే. తంటాలు పడి పాస్‌వర్డు మార్చాను. ఒక కాగితం రాసి గోడకు అంటించాను. ‘మీరు ఎంపికయ్యారు’ అంటే తుడిచెయ్. లింకు నొక్కమంటే తుడిచెయ్. గడువు పెట్టి తొందరపెడితే తుడిచెయ్. తెలియని నంబరు ఎత్తకు.

తాతయ్య అందులో రెండు తప్పులు దిద్ది, "ఒకవేళ అది నిజమైనదైతే?" అన్నాడు.

"నిజమైనవి అలా రావు తాతయ్యా. నేను చెప్తున్నానుగా."

మొన్న శుక్రవారం మధ్యాహ్నం జోగారావు గారు చేతి సంచీ ఊపుకుంటూ వచ్చారు. "ఏమోయ్ రాఘవా, ఆదివారం కలిసే వెళ్దామా? నన్ను బైండింగు నేర్పడానికి తీసుకున్నారు."

తాతయ్య ముఖం మాడిపోయింది. "నాకు రాలేదే."

"రాకపోవడమేంటి? జాబితాలో నీ పేరు నా కళ్ళతో చూశాను."

నా కాగితం చూసి తాతయ్య తుడిచేసిన మెయిళ్ళు గబగబా వెతికాను. దొరికింది. ఒకటి కాదు, మూడు. ‘ప్రియమైన నక్కా, మీరు ఎంపికయ్యారు. గురువారం లోపు కింది లింకు నొక్కి ధృవీకరించండి.’

"చూశావా!" తాతయ్య తెర మీద వేలు పెట్టి పొడిచాడు. "డెబ్బై రెండేళ్ళవాణ్ణి పట్టుకుని నక్కా అంటాడా? పైగా వట్రుసుడి! దొంగవెధవ కాక ఎవడు?"

"నాకూ అలాంటిదే వచ్చిందోయ్, అనుమానమే వేసింది" అన్నారు జోగారావు గారు. "అందుకే దాన్ని తుడవలేదు, ముట్టుకోలేదు. బస్సెక్కి వెళ్ళి వాళ్ళనే అడిగాను. పావుగంట పని."

ఆ పావుగంట ఆలోచన నా బుర్రకు తట్టనే లేదు.

తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. వెనకాల నేను. నారాయణగూడ దగ్గర ఆటో కదలకపోతే దిగి నడిచాం. ఆఫీసులో హారతి అనే అమ్మాయి లేచి కుర్చీ వేసింది.

"జర కూసోండి సార్. మీరేనా నక్కా సార్? ఎన్నిసార్లు ఫోన్ చేసిన సార్! ఒక్కపారి గూడ ఎత్తకపోతిరి."

"నా పేరు వీరరాఘవరావు. నక్కా మా ఇంటిపేరమ్మా."

"అయ్యో! ఫారంల ముందు గదే రాసిన్రు కదా సార్. మా కంప్యూటర్ మొదటి మాటనే పేరనుకుంటది." ఆమె జాబితా తిప్పింది. నొచ్చుకుంటూ తలెత్తింది. "నిన్నటిదాంక చూసినం సార్. పొద్దున్నే వేరే సార్‌కు ఇచ్చేసినం. మళ్ళ బ్యాచ్ అంటే ఆరు నెలలయితది."

తాతయ్య ఆమె బల్ల మీదున్న మెయిలు కాగితం వైపు చూపించి, "అమ్మా, ధ్రువీకరించండి అనే మాటలో వట్రుసుడి ఉండకూడదు" అన్నాడు.

"అట్లనా సార్? మా దగ్గర ఎవ్వలకు తెల్వదు."

తెలిసినవాడు ఎదురుగానే ఉన్నాడు, ఆ పని మాత్రం ఇంకొకరిది. దాన్ని పోగొట్టింది దొంగ కూడా కాదు, నేను.

మెట్లు దిగుతుంటే తాతయ్య రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టూ లెక్కపెట్టినట్టు దిగాడు. ఫ్లైఓవర్ కింద హారన్ల మోతలో ఆయన చెవి దగ్గరకు వంగి అన్నాను. "ఆరు నెలలే కదా తాతయ్యా. ఈలోపు నీకు కొత్త కాగితం రాసి పెడతాను. ఈసారి సరిగ్గా రాస్తాను."

"నువ్వింకేమీ రాయకు. అనుమానమొస్తే నోరు మూసుకుని నాతో పాటు నడిచొచ్చి అడుగు."