తాత చేతికి నా స్కార్ఫ్

ఆ రోజుల్లో సేవ చేయడం ఎంత కష్టమో ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. చేసేవాళ్ళం బోలెడుమందిమి ఉండేవాళ్ళం, చేయించుకునేవాళ్ళే దొరికేవాళ్ళు కాదు. నేను ఎనిమిదో తరగతిలో స్కౌట్స్‌లో చేరాను. దేశసేవ కోసమని ఇంట్లో చెప్పాను గాని, నిజం చెప్పాలంటే మెడలో కట్టుకునే ఆ స్కార్ఫ్ కోసం చేరాను. ఆకుపచ్చ గుడ్డ, పసుపు అంచు. దాన్ని చుట్టుకుని, ముందు తోలు ఉంగరంలోంచి దూర్చి, మా ఊరి నుంచి వనపర్తి బడికి సైకిల్ మీద పోతుంటే దారిలో గేదెలు కూడా నన్నే చూస్తున్నట్టుండేది. అమ్మ ఆ స్కార్ఫ్‌ను విడిగా ఉతికేది (రంగు పోతుందని కాదు, ఉతికినంతసేపూ నేను పక్కన నిలబడి సతాయిస్తానని).

మా స్కౌట్ సార్‌ను మేము విజిల్ సార్ అనేవాళ్ళం. నోట్లో విజిల్ లేని సార్‌ను ఎవరూ చూడలేదు. హాజరు పిలిచినా విజిలే, అరటిపండు పంచినా విజిలే. ఆ ఏడు చలికాలంలో ఆయన ఒక కబురు తెచ్చాడు. కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున డేరాల క్యాంపు ఉందట, గద్వాల నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి కూడా పిల్లలు వస్తారట, పడవ కూడా ఎక్కిస్తారట. అంత దగ్గర పుట్టి పెరిగి కూడా నేను కృష్ణను బస్సు కిటికీలోంచి తప్ప చూసింది లేదు. డేరాలో పడుకోవడమంటే ఇంకేం కావాలి? ఆ కబురు విన్న నాటి నుంచి మంచం మీద దుప్పటి కప్పి, దాని కింద దూరి పడుకునేవాణ్ణి. "మంచం మీద జాగ లేదారా నీకు?" అని అక్క కాలితో తన్నేది. క్యాంపుకు సార్ రెండే షరతులు పెట్టాడు. ఒకటి, మేము సేవ చేస్తున్న ఫొటోలు పైకి పంపాలి. రెండోది ఆయన విజిల్ నోట్లోంచి తీసి మరీ చెప్పాడు. "డ్రెస్సు ఫుల్లుగ ఉండాలె. స్కార్ఫ్ లేనోడు బస్సెక్కడు. నా కొడుకైనా సరే, ఎక్కడు."

సేవకు వనపర్తి సంతను ఎంచుకున్నాం. ఒక మూల షామియానా వేసి, బల్ల మీద దూది, టించర్, కట్టు గుడ్డలు పేర్చి, దెబ్బలు తగిలేవాళ్ళ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం. ఏ మహానుభావుడికీ దెబ్బ తగల్లేదు. ఉల్లిగడ్డ బస్తాలు మోసేవాళ్ళను, మేకలను లాక్కుపోయేవాళ్ళను ఎంతో ఆశగా చూశాం. ఒకాయన కుళ్ళిన టమాటా మీద జర్రున జారితే నలుగురం స్ట్రెచర్ పట్టుకుని ఉరికాం. ఆయన మమ్మల్ని చూసి భయపడి, చెప్పు అక్కడే వదిలేసి పరుగెత్తాడు. మధ్యాహ్నానికి సార్ పరేషాన్ అయ్యాడు. "ఎవలో ఒగరిని కూసోవెట్టి కట్టు గట్టున్రి రా, ఫొటోకన్న పనికొస్తది" అన్నాడు. సరిగ్గా అప్పుడే పల్లికాయ అమ్ముకుని ఖాళీ సంచి భుజాన వేసుకుని మా తాత అటు వచ్చాడు.

తాతను కుర్చీలో కూర్చోబెట్టాను. కట్టు గుడ్డ పొట్టిగా ఉందని నా మెడలోని స్కార్ఫే తీసి, మూడు మూలలుగా మడిచి, కుడి చెయ్యి అందులో పెట్టి, మెడ పక్కన చదును ముడి వేశాను. ఆ ముడి గురించి రెండు మాటలు చెప్పాలి. అది ఎముకకు గుచ్చుకోదు, లాగినకొద్దీ బిగుస్తుంది, విప్పాలంటే ఇట్టే విడిపోతుంది. మామూలు మనుషులు వేసేది అడ్డం తిరుగుతుంది. అది వేయడం రావడానికి నాకు నెల పట్టింది. తాత ఫొటో కోసం మొహం ఎంత బాధగా పెట్టాడంటే, చూసినవాళ్ళు నిజంగా "అయ్యో" అన్నారు. ఇంతలో సార్ విజిల్ వేసి, సంతకొచ్చినవాళ్ళకు నీళ్ళు పోసే ఫొటోకు నన్ను పిలిచాడు. నేను తిరిగి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. ఊరి బస్సు వచ్చిందని తాత వెళ్ళిపోయాడట. చేతికి నా స్కార్ఫ్‌తో సహా.

సాయంత్రం సైకిల్ మీద ఊరు చేరేసరికి మా ఇంటి ముందు జనం. పక్కింటామె ఎదురొచ్చి, "మీ తాత చెయ్యి ఇరిగిందంట గద రా! రెండు తునకలైందంట!" అంది. సైకిల్ అక్కడే పడేసి ఏడుస్తూ లోపలికి ఉరికాను. మంచం మీద తాత కూర్చుని ఉన్నాడు, చుట్టూ అయ్యో అనేవాళ్ళు. చేతికి చూస్తే నా ఆకుపచ్చ స్కార్ఫ్, నేను వేసిన ముడి! కళ్ళలో నీళ్ళు కళ్ళలోనే ఆగిపోయాయి. తాత నన్ను చూసి కన్ను కొట్టాడు.

అందరూ పోయాక అడిగాను. "ఏంది తాతా ఇది?"

"బస్సుల కాలు వెట్టెతందుకు జాగ లేకుండె రా. నీ గుడ్డ జూసి ఒగ పిలగాడు లేశి సీటిచ్చిండు. ఏమైంది పెద్దయ్యా అన్నడు. సీటిచ్చినోనికి ఏం కాలేదు అని ఎట్ల చెప్పాలె? పడ్డ అన్న."

"గంతేనా?"

"గంతే. బస్సు దిగెవరకు ఊరంత తెలిశింది. నేనేం జేద్దు?"

"సరే, ఇప్పి నాకియ్యి. క్యాంపుకు గావాలె."

"ఇంతమంది చూశిన్రు. ఇప్పుడే ఇప్పితె నా ఇజ్జత్ ఏం గావాలె? రేపు ఇస్త లేరా."

మర్నాడు పొద్దున్నుంచే చూడవచ్చేవాళ్ళు మొదలయ్యారు. మా వైపు ఎముక విరిగిందంటే చూడకపోవడమన్నది ఉండదు. బత్తాయిలు, గుడ్లు, రొట్టె పాకెట్లు వచ్చి పడ్డాయి (రొట్టె పాకెట్లు చాలామటుకు నేనే తిన్నాను, స్కౌటన్నవాడు ఆహారం వృథా చేయకూడదు). వచ్చినవాళ్ళకల్లా తాత తాను పడిన కథ చెప్పేవాడు. పొద్దున బస్సు మెట్టు మీద నుంచి పడ్డవాడు, మధ్యాహ్నానికి మురికి మోరీలో పడ్డాడు, సాయంత్రానికి ఎద్దు కుమ్మింది. ఇంకొక రోజు ఆగితే పులి వచ్చేది. "స్కౌటు నమ్మదగినవాడు" అని రోజూ బడిలో గొంతు చించుకుని అరిచే నేను, పక్కన నిలబడి తల ఊపుతుండేవాణ్ణి.

ఆ పొద్దు గూకేవేళ బల్మూరు అవ్వ వచ్చింది.

బల్మూరు అవ్వ అంటే మా తాత సొంత చెల్లెలు. బల్మూరులో ఇచ్చారు గనుక మాకందరికీ బల్మూరు అవ్వ. ఒకప్పుడు నెలకోసారి వచ్చేదట. అక్క ఓణీల ఫంక్షన్‌కు తాత అందరి ఇళ్ళకూ పోయి బొట్టు పెట్టించి పిలిచాడు గాని, బల్మూరు దూరమని, చెల్లెలే గదా అని, పత్రికను బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపాడు. "నా తోడవుట్టినోడు నన్ను డ్రైవర్‌తోటి పిలిపిస్తడా? నీ గడప తొక్కితె ఒట్టు" అని అవ్వ కబురు పంపింది (అదే డ్రైవర్‌తో). "రాకుంటె రాకపాయె" అన్నాడు తాత. అంతే, ఏళ్ళకేళ్ళు మాటల్లేవు. రాఖీ పండుగ నాడు ఊళ్ళో మగవాళ్ళందరి చేతులకూ రంగురంగుల రాఖీలుంటే, తాత పొడుగు చేతుల అంగీ వేసుకుని తిరిగేవాడు.

అటువంటి అవ్వ చంకలో కోడిని పెట్టుకుని మా గడప ముందు నిలబడింది. అవ్వ గడప దాటి వచ్చి, గట్టిగా అంది. "చెయ్యి చూడనీకె వచ్చిన. మాట్లాడనీకె రాలె."

అన్నట్టే తాతతో మాట్లాడలేదు. మధ్యలో మా అమ్మ. "మీ మామను అడుగు, నొప్పి ఉందా?" "ఉందని చెప్పు బిడ్డా." "కోడి పులుసు తింటడేమో అడుగు." "తింట అని చెప్పు." ఇద్దరి మధ్య ఉన్న దూరం ఒక్క మంచమంతే. అమ్మ తల అటూ ఇటూ తిప్పి తిప్పి రెండోరోజుకు మెడ పట్టేసింది. ఇక అమ్మ లేనప్పుడు నేరుగా మాట్లాడుకోక తప్పలేదు. అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని జొన్నరొట్టె చేసేది. రొట్టె తుంచాలంటే రెండు చేతులు కావాలి గదా, అందుకని తానే తుంచి, పులుసులో నానబెట్టి, తాత ముందు పెట్టేది. తాత ఎడమచేత్తో చెంచా పట్టుకుని, తల వంచుకుని, చిన్నపిల్లవాడిలా తినేవాడు. అంత బుద్ధిగా తినడం నేనెన్నడూ చూడలేదు.

నా బాధ నాది. క్యాంపు ఆదివారం నాడు. రోజూ పొద్దున లేవగానే తాత దగ్గరికి పోవడం, "రేపు ఇస్త లేరా" అనిపించుకుని రావడం. బడిలో విజిల్ సార్ "స్కార్ఫ్ ఏదిరా?" అంటే "ఉతికినం సార్" అన్నాను. మర్నాడు "ఆరలేదు సార్" అన్నాను. ఆ మర్నాడు సార్ నా చెవి పట్టుకుని, "అది గుడ్డనా, మంచుగడ్డనా?" అన్నాడు. ఇంకో గుడ్డ కడదామంటే తాత ఒప్పడు. దవాఖానలో డాక్టర్ కట్టిన గుడ్డ, విప్పొద్దన్నాడని ఊరంతా చెప్పాడాయె.

శుక్రవారం నాడు కొంప మునిగినంత పనైంది. వాకిట్లో ఎండబోసిన పల్లికాయ మీదికి ఒక మేక వచ్చింది. తాత "హేయ్!" అని లేచి, కట్టులోంచి కుడిచెయ్యి బయటికి లాగి, కట్టె తీసి విసిరాడు. గురి తప్పలేదు. మేక అరుచుకుంటూ పోయింది. వెనక్కి తిరిగితే పొయ్యింటి తలుపులో బల్మూరు అవ్వ! తాత గబగబా చెయ్యి మళ్ళీ కట్టులో దూర్చాడు. దూర్చింది ఎడమచెయ్యి. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అవ్వ లోపలికి పోయింది. రాత్రి భోజనానికి "రొట్టె తుంచాల్నా?" అని అడిగింది. "తుంచు చెల్లే" అన్నాడు తాత. అవ్వ తుంచి పెట్టింది. హమ్మయ్య, చూడలేదు అనుకున్నాను.

శనివారం సాయంత్రం ఇక లాభం లేదని తాతను కొట్టం దగ్గర పట్టుకున్నాను. "తాతా, రేపు పొద్దుగాలనే బస్సు. స్కార్ఫ్ లేకుంటె సార్ ఎక్కనియ్యడు. దండం పెడత."

తాత నవ్వలేదు. రేపు అని కూడా అనలేదు. గడ్డివాము కేసి చూస్తూ, "ఇప్పితె అది పోతది రా" అన్నాడు. "ఇన్నేండ్లకు వచ్చింది. చెయ్యి బాగైందంటె పొద్దుగాల బస్సుకే పోతది. మల్ల ఎప్పుడొస్తదో ఏమో."

డేరా కళ్ళ ముందు మెదిలింది, పడవ మెదిలింది. తాత మొహం చూస్తే మాత్రం అవేవీ నోట్లోంచి రాలేదు. "ఉంచుకో తాతా" అనేసి, గడ్డివాము వెనక్కి పోయి కుళ్ళికుళ్ళి ఏడ్చాను. అంత ఏడుపు పరీక్ష తప్పినప్పుడు కూడా రాలేదు.

పొద్దున ఎవరో భుజం తట్టి లేపారు. బల్మూరు అవ్వ. చేతిలో నా స్కార్ఫ్. ఉతికి, ఆరేసి, చక్కగా మడిచి ఉంది.

"లే బిడ్డా. నీ బస్సు పోతది."

ఒక్క ఉదుటున లేచి వాకిట్లోకి పోయాను. తాత మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతికి కట్టు అట్లాగే ఉంది, కాకపోతే ఇప్పుడది నీలం రంగు. అవ్వ పాత చీర చించి, మూడు మూలలుగా మడిచి కట్టింది. మెడ పక్కన ముడి చూశాను. చదును ముడి! నాకు నెల పట్టిన ముడి! ఊరికే చూసి నేర్చుకుందా ఈమె? విజిల్ సార్ చూస్తే అక్కడికక్కడే బ్యాడ్జీ ఇచ్చేవాడు. తాత నేల చూపులు చూస్తున్నాడు.

"అవ్వా, మరి తాత చెయ్యి..." అన్నాను.

"మేకను కొట్టిన నాడే చూసిన" అంది అవ్వ. తర్వాత తాతకు వినబడేటట్టు, "ఎముక అతుకనీకె ఎన్ని దినాలు వడితె గన్ని దినాలు వడనీ. నాకేం తొందర లేదు. నువ్వు పోయి రా బిడ్డా" అంది. తాత ఎడమచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. కుడిచెయ్యి మాత్రం కట్టులోంచి తీయలేదు.

క్యాంపులో పడవ ఎక్కాను, డేరాలో పడుకున్నాను (దోమలు చంపుకు తిన్నాయి, మంచం మీద దుప్పటి డేరానే నయం). తిరిగి వచ్చేసరికి తాత చేతికి కట్టు లేదు. బల్మూరు అవ్వ మాత్రం అక్కడే ఉంది, పొయ్యి దగ్గర కూర్చుని తాతను తిడుతోంది. ఆ తర్వాత వచ్చిన రాఖీకి పత్రికా లేదు, పిలుపూ లేదు, తానే వచ్చింది. తాత పొట్టి చేతుల అంగీ వేసుకుని ఊరంతా రెండు చుట్లు తిరిగాడు. ఇప్పుడు ఇద్దరూ లేరు. నీలం చీర ముక్క మాత్రం అమ్మ పెట్టెలో ఉంది.

నేనిప్పుడు గద్వాలలో ఒక బడిలో పంతులును, స్కౌటు సార్‌ను కూడా. విజిల్ ఉంది గాని ఎక్కువ ఊదను. మొన్న ఇక్కడే కొత్తిల్లు కట్టుకున్నాం. గృహప్రవేశం పత్రిక అందరి ఇళ్ళకూ పోయి ఇచ్చాను. నాగర్‌కర్నూల్‌లో ఉండే అక్కకు మాత్రం, అక్కే గదా అని, వాట్సాప్‌లో పంపాను. అక్క రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాకూ రోషం వచ్చింది, మానేశాను. ఎంతైనా తాత మనవణ్ణి గదా.

వచ్చే నెల మా పిల్లలకు క్యాంపు ఉంది, దానికి ముందు సంతలో సేవ. నిన్న సాయంత్రం గ్రౌండ్‌లో కట్లు నేర్పిస్తున్నాను. ఒక పిల్లవాడు తన స్కార్ఫ్ తీసి నా కుడిచేతికి కట్టాడు. ముడి కూడా బాగా కుదిరింది. గుర్తుకు ఉంటుందని ఒక ఫొటో తీయించుకున్నాను. ఫోన్‌లో దాన్ని చూస్తూ చూస్తూ ఏమనిపించిందో ఏమో, మా ఇంటివాళ్ళ గ్రూపులో పెట్టేశాను. కింద ఒక్క మాట రాశాను, "పడ్డ" అని.

ఫోన్ జేబులో పెట్టుకునేలోపే మోగింది. అక్క.

"ఏ చెయ్యిరా?" అంది. ఊపిరి ఆడటం లేదు దానికి.

"కుడిచెయ్యి."

అక్క ఫొటో మళ్ళీ తెరిచి చూసినట్టుంది. "ఆ గుడ్డ ఎవనిదిరా?" అంది తర్వాత.

"మా స్కౌటు పిలగానిది" అన్నాను. అక్క నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"రేపు పొద్దుగాల బస్సుకు వస్త" అంది. "నేనొచ్చేదాంక కట్టు విప్పకు."

ఫోన్ పెట్టేసి చూస్తే ఆ పిల్లవాడు ఎదురుగానే నిలబడి ఉన్నాడు, ఖాళీ మెడ తడుముకుంటూ. "సార్, నా స్కార్ఫ్... క్యాంపుకు గావాలె సార్" అన్నాడు.

"రేపు ఇస్త లేరా" అన్నాను. అచ్చం మా తాత గొంతే.