సింహాద్రి మావయ్య మీద రాసిన వాక్యం

బందరులో నేను చదివిన కాలేజీకి మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. క్రిందటి నెల స్వయంగా వెళ్తే, ఆఫీసు గుమాస్తా తల ఎత్తకుండానే "పాత సంగతి కదండీ, ఇప్పుడెందుకు?" అన్నాడు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈ ఉదయం గుడివాడలో, నేను పాఠం చెప్పే ల్యాబులో, ఒక అమ్మాయి గాజు గొట్టాన్ని పొడిగానే రబ్బరు కార్కులోకి తోస్తోంది. ఆ కీచుమన్న చప్పుడుకి నా కుడి అరచెయ్యి దానంతటదే ముడుచుకుంది. పరుగెత్తి ఆపాను.

మా రోజుల్లో అలా ఆపిన మనిషి సింహాద్రి మావయ్య. కెమిస్ట్రీ ల్యాబ్ అటెండర్, మంగినపూడి దగ్గర చేపలు పట్టే కుటుంబం; స్టూడెంట్లందరికీ మావయ్యే. మాకు రసాయనాల గురించి చెప్పినవాళ్లు చాలామంది. గాజును పట్టుకోవడం నేర్పింది ఆయన ఒక్కరే. గొట్టాన్ని విరవాలంటే ఆకురాయితో ఒక్కసారే గీత పెట్టాలి. నేను అదే పనిగా రుద్దుతుంటే, "ఏవయ్యా అల్లుడూ, కొబ్బరి కోరుతున్నావా?" అన్నారు. గీతకి అవతలి వైపు బొటనవేళ్లు ఆనించి, కాస్త లాగుతూ వంచమన్నారు. టక్కున విరిగింది. విరిగిన అంచు మంటలో తిప్పి నున్నగా చేసేదాకా బల్ల మీద పెట్టనివ్వలేదు. పెట్టాక దాన్ని తీయబోతే మణికట్టు పట్టుకున్నారు. "కాలిన గాజూ చల్లారిన గాజూ కంటికి ఒక్కటే. ముందు అరచెయ్యి వెనకవైపు దగ్గర పెట్టి చూడు."

డిగ్రీ రెండో ఏడు, ప్రాక్టికల్స్ ముందురోజు. గొట్టానికి గ్లిజరిన్ రాస్తేగాని కార్కులోకి జారదు. సీసా లెక్చరర్ గారి బీరువాలో ఉంది, తాళంచెవి ఆయన జేబులో, ఆయన క్యాంటీన్లో.

"తెస్తాను. వచ్చేదాకా ముట్టుకోకు," అన్నారు మావయ్య.

"పక్క బల్లవాళ్లు ముందు అయిపోగొడతారు మావయ్యా!"

"అయిపోగొట్టనీ. వేళ్లు నీవి."

ఆయన గుమ్మం దాటగానే తోశాను. గొట్టం పిడికిట్లోనే విరిగి అరచేతిలో దిగింది. తిరిగొచ్చిన మావయ్య తిట్టలేదు. తువ్వాలు చుట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లి, కుట్లు పడుతున్నంతసేపూ నా రెండో చెయ్యి పట్టుకుని నిలబడ్డారు.

మర్నాడు లెక్చరర్ గారు ల్యాబు రిజిస్టరులో రాసింది ఒకే వాక్యం: అటెండర్ నిర్లక్ష్యం వల్ల ప్రమాదం. కట్టుతోనే వెళ్లి, తప్పు నాదండీ, ఆయన వద్దన్నారండీ అన్నాను. "చెయ్యి బాగయ్యాక రాసిద్దువులే," అన్నారు. బాగయ్యాక వెళ్తే, రిజిస్టరు ప్రిన్సిపాల్ గారి దగ్గరుందన్నారు. ఈలోగా మావయ్యను ల్యాబు నుంచి తీసి గేటు దగ్గర వేశారు.

తల దించుకుని గేటు దాటుతుంటే ఆయనే పిలిచారు.

"చెయ్యి చూపించు. వేళ్లు పూర్తిగా ముడుచుకుంటున్నాయా?"

"ఆఁ."

"అయితే ల్యాబుకి పో. గ్లిజరిన్ అడుగు. ఇవ్వకపోతే ఇచ్చేదాకా అక్కడే నిలబడు."

ఆయన మళ్లీ ల్యాబు మెట్లెక్కకుండానే రిటైరయ్యారు. ఇప్పుడు లేరు. ఆ వాక్యం మాత్రం ఉంది. అడిగి, ఇచ్చేదాకా నిలబడటం ఆయన నాకు చెప్పిన చివరి పాఠం. నన్ను మొండివాడని అనుకునేవాళ్లు అనుకోవచ్చు.

ప్రిన్సిపాల్ గారూ, నా చెయ్యి ఎప్పుడో బాగయింది. ఆ వాక్యం కింద, అసలు జరిగింది రాసి సంతకం పెడతాను. రిజిస్టరు ఏ రోజు తెరుస్తారు? తేదీ చెప్పండి.