హ్యాండిల్ మీద పానా

అబ్దుల్ రవూఫ్‌కి కూర్చోవడం చేతకాదు. గుణదలలో ఏలూరు రోడ్డు పక్కన, రేకుల కప్పు కింద ఉన్న అతని సైకిలు షాపులో నాలుగు స్టూళ్ళుండేవి. వాటి మీద ఊళ్ళోవాళ్ళు కూర్చునేవారు, అతను తిరిగేవాడు. పంక్చరు వేస్తూ వేస్తూ లేచి పక్క సైకిలు చెయిన్‌కి నూనె చుక్క వేసేవాడు. నూనె డబ్బా చేతిలో ఉండగానే ఇంకెవరి టైరునో బొటనవేలితో నొక్కి చూసేవాడు. టీ గ్లాసు ఎక్కడ పెట్టాడో అతనికే గుర్తుండేది కాదు. సాయంత్రం భార్య సాలేహా వచ్చి, టైర్ల మధ్యా రేకుడబ్బాల వెనకా వెతికి, సగం సగం తాగిన గ్లాసులు పోగేసుకుని పోయేది.

బందరు నుంచి పద్దెనిమిదో ఏట బెజవాడ వచ్చాడు. వన్‌టౌన్‌లో ఒక సైకిలు షాపులో పదేళ్ళు పనిచేసి, అరవై మూడులో గుణదలలో సొంత షాపు పెట్టాడు. గుణదలలో సగం ఇళ్ళు క్రైస్తవులవి. కొండ మీది మేరీమాత ఉత్సవాలు వచ్చాయంటే చాలు, సభల్లో మాట్లాడే పెద్దమనుషులకి రవూఫ్ గుర్తొచ్చేవాడు. "మాతకు మొక్కుకునేవారి సైకిళ్ళు ఒక ముస్లిం సోదరుడి చేతి చలవతో నడుస్తున్నాయి" అని గొంతు గద్గదం చేసుకునేవారు. అది వింటే రవూఫ్‌కి ఒళ్ళు మండేది.

"రామవరప్పాడు దాకా ఇంకో షాపు లేదండీ, అందుకొస్తారు. మతం చూసి ట్యూబుకు చిల్లు పడుతుందా?" అనేవాడు.

నిజమూ అంతే. దగ్గర్లో ఉన్నది అదొక్కటే షాపు. పని కూడా బాగా చేసేవాడు. మనుషులు ఒకచోట చేరడానికి ఈ రెండూ చాలు. సోదరభావం అంటూ ఏదైనా పుడితే ఆ తర్వాత, స్టూళ్ళ మీద కూర్చుని ఒకళ్ళనొకళ్ళు దెప్పుకునేటప్పుడు పుడుతుంది.

ఒక పని పూర్తిగా చేసి లేచే స్వభావం కాదు కనక, మతిమరుపుకి విరుగుడుగా రవూఫ్ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. చక్రం బిగించేటప్పుడు ముందు నట్లను చేత్తో తిప్పి వదిలేవాడు. చక్రం తిప్పి, వంకర లేదని తేలాకే పెద్ద పానా పెట్టి గట్టిగా బిగించేవాడు. ఈ మధ్యలో లేవాల్సి వస్తే, ఆ పానాకున్న తాడు ఉచ్చును ఆ సైకిలు హ్యాండిల్‌కే తగిలించి లేచేవాడు. హ్యాండిల్ మీద పానా ఉందంటే పని కాలేదని అర్థం. లేదంటే తీసుకుపోవచ్చు. ఇది గుణదలలో అందరికీ తెలుసు. అడగడాలు, చెప్పడాలు ఉండేవి కావు. వచ్చేవారు, హ్యాండిల్ చూసేవారు, ఖాళీగా ఉంటే సైకిలు తీసుకుని వెళ్ళిపోయేవారు.

రెండో పద్ధతి కూడా ఒకటుండేది. షాపులో సామాను ఎవరైనా వాడుకోవచ్చు. పంపు గానీ సుత్తి గానీ పానా గానీ, అడగక్కర్లేదు. కానీ వాడాక గోడ మేకుకి తగిలించకపోతే మాత్రం రవూఫ్ వీధి అదిరేట్టు అరిచేవాడు. పదకొండేళ్ళ అరుపులకి జనం చేతులు వాటంతటవే మేకు వైపు పోవడం నేర్చుకున్నాయి.

ఈ రెండు పద్ధతులూ ఒకే కప్పు కింద పదకొండేళ్ళు ఒకదానికొకటి తగలకుండా బతికాయి. డెబ్భై నాలుగు ఫిబ్రవరిలో, ఉత్సవాలకు ముందురోజు ఉదయం తగిలాయి.

ఆ ఉదయం షాపు ముందు కాలు పెట్టే చోటు లేదు. దూరాల నుంచి సైకిళ్ళ మీద వచ్చిన యాత్రికులు, వాళ్ళ మూటలు, పేలిన టైర్లు. ఆ గొడవలోనే నర్సు సువార్తమ్మ తన ఆకుపచ్చ లేడీస్ సైకిలు వదిలి వెళ్ళింది. యాభై దాటిన మనిషి. చుట్టుపక్కల ఊళ్ళలో కాన్పులన్నీ ఆమె చేతి మీదే. "ముందు చక్రం గరగరమంటోంది రవూఫూ. ఇంటికెళ్ళి సంచీ తెచ్చుకుంటా, ఈలోగా చూసి పెట్టు" అంది. రవూఫ్ చక్రం విప్పాడు. ఇరుసు దగ్గర అరిగిన బేరింగు గోళీలు తీసి కొత్తవి వేశాడు, గ్రీజు పూశాడు, చక్రం ఎక్కించి నట్లు చేత్తో తిప్పాడు. అంతలో ఎవరో యాత్రికుడు కేకేశాడు. పానా హ్యాండిల్‌కి తగిలించి లేచాడు.

మళ్ళీ అతనికి పానా అవసరమైనప్పుడు అది గోడ మేకుకి వేలాడుతోంది.

రవూఫ్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "దీన్ని ఇక్కడ ఎవరు పెట్టారు?"

"నేనే భాయ్," అన్నాడు స్టూలు మీది శౌరయ్య. అతను దర్జీ. ఉత్సవాల్లో వాలంటీరు పని చేస్తాడు. చొక్కాకి అప్పుడే బ్యాడ్జీ పెట్టుకున్నాడు. "నా సైకిలు సీటు కొంచెం ఎత్తుకుందామని తీశా. చూశావా, చెప్పకుండానే మేకుకి తగిలించా. ఇన్నేళ్ళు తిట్టావు, నేర్చుకోమా?"

"ఎక్కణ్ణుంచి తీశావు?"

శౌరయ్య నవ్వు సగంలో ఆగింది. "హ్యాండిల్ మీదనుంచే... మళ్ళీ అక్కడే పెడదామనుకున్నా. చెయ్యి ఇటొచ్చేసింది."

"ఎవరి హ్యాండిల్?"

ఆకుపచ్చ సైకిలు ఉన్నచోట గ్రీజు మరక తప్ప ఏమీ లేదు.

"నర్సమ్మా? ఆమె వెళ్ళి ఇరవై నిమిషాలైంది," అన్నాడు బియ్యం మిల్లు గుమాస్తా వెంకటప్పయ్య. "సంచీ కేరియర్‌కి కట్టింది నేనే. నిడమానూరు రేవు దాటి పోవాలంట, అవతల ఊళ్ళో ఎవరో అమలమ్మకి నొప్పులు మొదలయ్యాయంట. ఏం సాయిబూ, అలా అయిపోయావేం?"

చేతికి దగ్గరగా ఉన్న సైకిలు వెంకటప్పయ్యదే. పానాను దాని హ్యాండిల్‌కి తగిలించి ఎక్కాడు.

"ఓయ్, దాని చెయిన్ జారుతోందని మూడు వారాల్నించి మొత్తుకుంటున్నా కదయ్యా!" వెంకటప్పయ్య కేక వెనకాలే ఉండిపోయింది.

నున్నటి రోడ్డు మీద ఏమీ కాదు, ఆ సంగతి రవూఫ్‌కి తెలుసు. మనిషి బరువు ఫోర్కును ఇరుసు మీద అదిమి పెడుతుంది. కానీ గుంట తగిలి ముందు చక్రం జానెడు ఎగిరిందా, ఫోర్కు ఒక దారి, చక్రం ఒక దారి. అది కలకత్తా రోడ్డు. పక్కనుంచి మద్రాసు లారీలు చెవులు చిల్లులు పడేట్టు హారన్లు కొడుతూ పోతున్నాయి. అతను ఎన్నడూ గమనించనన్ని గుంటలు ఆవేళ ఆ రోడ్డు మీద కనిపించాయి. ప్రతి గుంట దగ్గరా ఆకుపచ్చ రంగు కోసం కళ్ళు వెతికాయి.

రామవరప్పాడు దగ్గర చిన్న ఎత్తు ఎక్కబోతుంటే చెయిన్ జారింది. పెడళ్ళు గిర్రున తిరిగి, మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంది. దిగి, చెయిన్ ఎక్కించి, నాలుగు గజాలు పోయాడో లేదో మళ్ళీ జారింది. మూడు వారాలుగా వెంకటప్పయ్యకి తను చెప్పిన జవాబు గుర్తొచ్చింది: "చెయిన్‌కేం రోగం లేదండీ, మీ తొక్కుడే బాలేదు." స్టూళ్ళ మీదవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. గుమాస్తా కూడా నవ్వి ఊరుకున్నాడు.

ప్రసాదంపాడులో మాణిక్యమ్మ టీ బడ్డీ. "నర్సమ్మ ఇటు పోయిందా?" రవూఫ్ కాలు నేలకి ఆనించకుండానే అరిచాడు.

"ఇందాకేగా! ఇక్కడాగి మంచినీళ్ళు తాగి పోయింది. 'మా రవూఫ్ చేసిచ్చాడే మాణిక్యం, చప్పుడే లేదు చూడు' అని మురిసిపోయింది. అదేంటి, పానా తగిలించుకుని తొక్కుతున్నావు? పని కాలేదా?"

"కాలేదు."

బల్ల మీదినుంచి ఒకాయన లేచాడు. "దొరికావు భాయ్, నా బ్రేకు ఒక్కసారి..." ఆ మాట పూర్తి కాకముందే రవూఫ్ వీధి మలుపులో ఉన్నాడు.

శౌరయ్యని ఏమేం అనాలో దారంతా పేర్చుకున్నాడు. బ్యాడ్జీ పెట్టుకున్నావు కళ్ళు పెట్టుకోలేదా? హ్యాండిల్ మీది పానా ముట్టుకోకూడదని పసిపిల్లాడికి తెలుసే! ఆ మాటలు అనుకుంటున్నంతసేపూ పిక్కల్లో బలముండేది. ఎనికేపాడు దగ్గరికొచ్చేసరికి రోడ్డు పక్కన ముప్ఫైమంది గుమిగూడి కనిపించారు. అందరూ కిందకి వంగి చూస్తున్నారు. సైకిలు దిగి, దాన్ని నడిపించుకుంటూ పోయాడు. ఆ పాతిక అడుగులు తొక్కడానికి ధైర్యం చాలలేదు. గుంపులోకి తల దూర్చి చూస్తే, ఎద్దును పడుకోబెట్టి నాడాలు కొడుతున్నారు.

అక్కణ్ణుంచి శౌరయ్య గురించిన మాటలేవీ అతనికి నోటికి రాలేదు. నట్లు బిగించాల్సింది శౌరయ్య కాదు.

నిడమానూరు రేవులో సువార్తమ్మ నిలబడి ఉంది. చీర మోకాళ్ళ దాకా తడిసింది. పక్కనే ఆకుపచ్చ సైకిలు, ముందు చక్రం లేకుండా, ఫోర్కు నేలకి పొడుచుకుని, మోకరిల్లినట్టుంది. పడవ రత్తయ్య గడకర్రతో కాలువ అడుగు కెలుకుతూ, నవ్వు ఆపుకోలేక సతమతమవుతున్నాడు.

జరిగింది ఇది. రోజూ లాగే ఆమె సైకిలును పడవలోకి ఎత్తింది. ఫోర్కు పైకి లేచింది, చక్రం మాత్రం గట్టు మీదే నిలబడిపోయింది. కాసేపు ఎటు పోదామా అని చూసి, దొర్లుకుంటూ ఏలూరు కాలువలోకి వెళ్ళిపోయింది.

"వచ్చావా!" అంది సువార్తమ్మ. "నేను సైకిలిచ్చింది బాగుచెయ్యడానికా, విడగొట్టడానికా?"

"నేను బిగించలేదమ్మా," అన్నాడు రవూఫ్. శౌరయ్య పేరు ఎత్తలేదు.

ఆమె అతని వైపూ, హ్యాండిల్‌కి ఊగుతున్న పానా వైపూ చూసింది. "ఆ రోడ్డు మీద ఊడి ఉంటే లారీ కింద ఉండేదాన్ని, తెలుసా?"

"అవునమ్మా."

"అవునమ్మా అంటావేంటయ్యా!" ఆమె సంచీ చంకన పెట్టుకుంది. "సరే, నీతో పోట్లాట తర్వాత. అక్కడ అమలమ్మ ఎదురుచూస్తోంది. ఈ అడ్డకమ్మీ సైకిలు చీర కట్టుకుని నేను తొక్కలేను. పడవలో పెట్టు. అవతలికెళ్ళాక నువ్వు తొక్కు, నేను వెనకాల కూర్చుంటా."

"దీని చెయిన్ జారుతుందమ్మా."

"అదీ నువ్వు బాగుచేసిందేనా?"

"కాదండీ. బాగానే ఉందని నేను చెప్పింది."

రత్తయ్య ఇక ఆపుకోలేకపోయాడు. పడవ ఊగేట్టు నవ్వాడు.

అవతల మైలున్నర దారిలో చెయిన్ ఐదుసార్లు జారింది. జారినప్పుడల్లా సువార్తమ్మ దిగేది, నోరు మెదపకుండా నిలబడేది, మళ్ళీ ఎక్కేది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది రవూఫ్‌కి. అమలమ్మ ఇంటి ముందు ఆమెను దింపి, రేవుకి తిరిగొచ్చి, లుంగీ ఎగ్గట్టి కాలువలోకి దిగాడు. మునిగి లేచి, మునిగి లేచి, పదోసారికో పదకొండోసారికో చక్రం చేతికి తగిలింది. నీళ్ళలో తడిసిన గోళీలన్నీ తుడిచి మళ్ళీ కూర్చాడు. నట్లు కాలువలో ఎక్కడా జారిపోనందుకు రత్తయ్య దేవుడికి దండం పెట్టాడు. రవూఫ్‌కి మాత్రం అవి చక్రాన్నే అంటిపెట్టుకుని ఉండటం తను సగమే తిప్పినందుకు సాక్ష్యంలా కనిపించింది.

మూడు గంటలప్పుడు సువార్తమ్మ నడుచుకుంటూ వచ్చింది. "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు," అంది. ఆ తర్వాత చెయ్యి చాచింది. "పానా ఇటివ్వు."

ఇచ్చాడు. ఆమె వంగి, రెండు వైపులా నట్లకి పానా పెట్టి, తన బలమంతా వేసి లాగి చూసింది. కదల్లేదు. రవూఫ్ హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు.

ఊళ్ళో ఈ కథ తలా ఒక రకంగా చెప్పుకున్నారు. మాతే కాపాడిందన్నారు కొండకి వెళ్ళినవాళ్ళు. కాపాడింది సువార్తమ్మ బరువు. శౌరయ్య రెండు రోజులు ముఖం చాటేసి, మూడోరోజు వచ్చి, "నా పాపానికి కొండ మీద నిలువెత్తు కొవ్వొత్తి వెలిగించానయ్యా" అన్నాడు. "నీ దర్జీ కత్తెర ఎవరైనా తీసి మేకుకి తగిలిస్తే ఏం చేస్తావో అది చెప్పు," అని రవూఫ్ అడిగాడు గానీ, కోపంగా కాదు. వెంకటప్పయ్య చెయిన్‌నీ పళ్ళచక్రాన్నీ ఆ వారంలోనే మార్చాడు. "తొక్కుడు బాగుపడిందా సాయిబూ?" అని ఆయన చాలా రోజులు దెప్పాడు. రవూఫ్ ఆ మాటలు పడ్డాడు.

పానాకి గొలుసు వెయ్యమన్నారు కొందరు, రెండో పానా పెట్టుకోమన్నారు ఇంకొందరు. అతను రెండూ చెయ్యలేదు. ఒకటే మారింది. సువార్తమ్మ సైకిలు వచ్చిందంటే, దాని పని పూర్తయ్యేదాకా అతను లేచేవాడు కాదు. ఎవరు కేకేసినా అంతే. అంతసేపు ఒకచోట కూర్చున్న రవూఫ్‌ని చూడటం స్టూళ్ళ మీదవాళ్ళకి కొత్త. పని అయ్యాక ఆమె అందరి ముందూ వంగి పానాతో నట్లు లాగి చూసుకునేది. నలుగురు చూస్తుండగా ఒక మెకానిక్‌కి అంతకన్నా అవమానం ఉండదు. అతను హ్యాండిల్ పట్టుకుని నిలబడేవాడు. ఏడాదికి పైగా అలాగే జరిగింది.

మరుసటి ఏడు ఆషాఢంలో, ముసురు పట్టిన ఒక పొద్దున, బాగుచెయ్యడానికిచ్చిన సైకిలు కోసం ఆమె గబగబా వచ్చింది. గొడుగు ముడిచి కేరియర్‌కి పెట్టి, సంచీ తగిలించి, సైకిలెక్కి పోయింది. వంగలేదు, పానా అడగలేదు.

"చూశావా భాయ్," అన్నాడు శౌరయ్య. "నమ్మకం కుదిరింది మళ్ళీ."

రవూఫ్ పానా వైపు చూశాడు. మేకుకే ఉంది. తనే బిగించాడు. రెండుసార్లు లాగి చూశాడు కూడా. బిగించాడా? ఎడమవైపుది లాగాడు. కుడివైపుది? పంపు దగ్గరికి వెళ్ళాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు. టీ గ్లాసు తీసుకున్నాడు, తాగకుండా టైరు మీద పెట్టాడు. తర్వాత మేకు మీది పానా లాక్కుని వానలోకి పరిగెత్తాడు.

"నర్సమ్మగారూ! ఆగండి!"

రైలు గేటు దగ్గర అందుకున్నాడు. ఆమె కాలు కిందపెట్టి వెనక్కి తిరిగింది. "ఏమైందయ్యా?"

"నట్లు చూసుకోలేదు మీరు."

"నువ్వు బిగించలేదా?"

"బిగించాను." రవూఫ్ ఆయాసపడుతున్నాడు. "అయినా చూసుకోండి."

సువార్తమ్మ అతన్ని తేరిపార చూసింది. వాన ఆమె కళ్ళద్దాల మీదినుంచి కారుతోంది. సైకిలు దిగి, పానా అందుకుని, బురదలో చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని వంగింది.

రవూఫ్ హ్యాండిల్ పట్టుకున్నాడు.