రుమియాతి చేతుల వాసన

కుడుస్ పట్టణంలో బట్టలు కుట్టే పొనిరన్‌కు షుగరు వచ్చి చాలా ఏళ్లయింది. అన్నం తగ్గించాడు, టీలో పంచదార మానేశాడు. పొగాకులో లవంగాలు కలిపి చుట్టే సిగరెట్టు మాత్రం వదల్లేదు. చివరికి కాలివేలి మీద పుండు లేచి ఎంతకీ మానలేదు.

"పొగ తాగితే పాదం దాకా నెత్తురు సరిగా పోదు. ఇలాగే ఉంటే వేలు తీసెయ్యాలి" అంది డాక్టరమ్మ.

ఆ రోజే మానేశాడు. కాఫీకొట్టు దగ్గర స్నేహితుడు సర్మిన్ ఊరుకోలేదు. "నీకు వద్దన్నది తీపి కదా బావా, పొగలో పంచదారేమన్నా ఉందా?" అన్నాడు. పొనిరన్ నవ్వేసి, కాఫీ సగంలో వదిలి వచ్చేశాడు.

అసలు కష్టం ఇంట్లో ఎదురైంది. భార్య రుమియాతి ఆ లవంగాల సిగరెట్లే చుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఆమె చేతులు, జుట్టు, తలమీద చీరకొంగులా కప్పుకునే గుడ్డ, అన్నీ లవంగం వాసనే. ఆమె గడప దాటగానే అతనికి నాలుక పీకేది. అది గమనించి ఆమె నేరుగా పెరట్లోకి పోయి స్నానం చేసి, నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని, అతనికి దూరంగా కూర్చుని తినసాగింది.

ఒక సాయంత్రం అతను పెరట్లోకి వచ్చాడు.

"ఎంతసేపు రుద్దుతావే, తోలు ఊడొస్తుంది."

"వాసన పోవట్లేదయ్యా. పని మానెయ్యనా?"

"వద్దు. నువ్వలా దూరంగా కూర్చుంటేనే నాకు ఇంకా కాల్చాలనిపిస్తోంది. వచ్చి పక్కన కూర్చో."

పుండు మానడానికి నెలలు పట్టింది గానీ వేలు దక్కింది. ఇప్పటికీ ఒక్కోరోజు ప్రాణం సిగరెట్టు మీదికి పోతుంది. అప్పుడతను లేచి వీధిలోకి నడుస్తాడు. రుమియాతి అంట్లు అలాగే వదిలేసి వెంట వెళ్తుంది.