సిద్ధయ్యకు నచ్చని పులుసు

సిద్ధయ్యకు ఎవరి వంటా నచ్చదు. అనుమసముద్రంపేట దర్గా దగ్గర ఊరికే పెట్టిన అన్నానికి కూడా వంక పెట్టి, వంటవాడి చేత గరిటెతో తరిమించుకున్న మనిషి.

అలాంటివాడి కోసం వెంకమ్మ మళ్ళీ పొయ్యి వెలిగించవలసి వచ్చింది. భర్త ఉన్నన్నాళ్ళూ తెల్లారేసరికి వండి, ఆయనకు క్యారియర్ కట్టేది. ఆయన పోయాడు. వెనకాలే ఆమెకు దగ్గు పట్టుకుని, క్షయ అని తేలింది. ఇక ఎవరికి వండాలని గంజితో సరిపెట్టుకునేది.

కొన్నాళ్ళు మందు పడ్డాక ఆ జబ్బు ఎవరికీ అంటదని డాక్టరు చెప్పాడు. ఉదయగిరిలో ఆ వీధి మాత్రం వినలేదు. గుమ్మం అవతల నిలబడి పలకరించేవారే గానీ, ఆమె చేతి మంచినీళ్ళు ముట్టేవారు లేరు. జబ్బు తగ్గుతుందని వెంకమ్మకు తెలుసు. తన చేతి కూడు మళ్ళీ ఎవరైనా తింటారా అన్నదే ఆమె దిగులు.

సిద్ధయ్యది సైకిల్ షాపు. ఆత్మకూరు సర్కారు ఆసుపత్రిలో నేర్పించి, జీతం లేకుండా క్షయ మందులిచ్చే పని అప్పగించారు. రోగి నీ కళ్ళ ముందే మాత్రలు మింగేదాకా కదలొద్దన్నారు. మింగాక ఏం చెయ్యాలో చెప్పలేదు గనక వెంకమ్మ అరుగు మీద బాసిపట్లు వేసుకుని కూర్చునేవాడు.

“ఏం వండినావు వదినా?”

ఏమీ లేదంటే లేచేవాడు కాదు. వండితే వంకలు. పప్పు నీళ్ళయిందనీ, చారుకు ఘాటు లేదనీ వీధి చివరి దాకా వినపడేలా అరిచేవాడు. సిగ్గుతో చచ్చిపోయి లోపలికి రమ్మంటే, చలికాలంలో కూడా లోపల ఉక్క అనేవాడు.

ఒకనాడు సంగం చేపలు తెచ్చి పులుసు పెట్టింది.

“పులుసా ఇది? చింతపండు బస్తా కుమ్మరించినావా?”

పులుసు విషయంలో ఆ వీధికి ఎదురింటి నాగులమ్మ మాటే తీర్పు. ఆమె ఇక ఓర్చుకోలేక బయటికి వచ్చింది.

“అంత పులుపైతే మళ్ళీ ఎందుకు పోయించుకున్నావు?”

“బాగలేదని రూఢి చేసుకోవద్దా?”

“నాలికేనా నీది? ఇటియ్యి.”

గిన్నె లాక్కుని అరచేతిలో పోసుకుని నాకింది. నాగులమ్మ కళ్ళు మూసుకుని చప్పరించి, ఇంకొంచెం పోసుకుంది.

“సరిగ్గానే ఉండాది. ఈయనకే రోగం” అని, మొగుడు గోపాలయ్యకు కూడా రుచి చూపించాలంటూ గిన్నెతో సహా వెళ్ళిపోయింది.

సిద్ధయ్య చేయి కడుక్కుంటూ గొంతు తగ్గించాడు. “పులుసు బాగుండాది వదినా. నీ వంటెప్పుడూ బాగానే ఉండాది.”

“మరి అట్టా అరిచినావేంది?”

“లోపల కూర్చుని మెల్లంగా చెప్తే నాగులమ్మకి ఎట్టా ఇనపడద్ది?”

సాయంత్రం వెంకమ్మ అంట్లన్నీ తోమి బోర్లించింది. గిన్నె ఒకటి తక్కువ. ఎదురింటికి పోయి తెచ్చుకోవాలి. కావాలనే పోలేదు. నాగులమ్మ వంటింట్లోనే ఉండనీ అనుకుంది.