బిర్కత్ అల్ అవామిర్ నుంచి దోహాకు పదహారడుగుల బస్సు

ఖతర్ వెళ్ళింది వేరే పని మీద. దోహాకు దక్షిణాన కార్మికుల క్యాంపులుండే బిర్కత్ అల్ అవామిర్ వెళ్ళడానికి మాత్రం ఒక ఫోటో కారణం. దోహాలోని అల్ అజీజియాలో నేను దిగిన మిత్రుడి ఇంటికి ఏసీ బాగుచెయ్యడానికి వచ్చిన కరీంనగర్ మెకానిక్ దాన్ని తన ఫోన్‌లో చూపించాడు. తెల్లవారుజామున డ్యూటీకి పోతున్న కంపెనీ బస్సు బొమ్మ. కిటికీకి ఇద్దరో ముగ్గురో, అందరూ నిద్రలో ఉన్నారు. ఒకడు నోరు తెరిచి, ఒకడు పక్కవాడి భుజం మీద వాలి. ఎవరు వేశారని అడిగాను. "మా క్యాంపోల్లే సార్. పైపులకు రంగులేసేటాయన ఒకలు, కార్పెంటర్ ఒకలు. శుక్రవారం పోతే ఇద్దరు దొరుకుతరు" అన్నాడు. దోహాలో ఒక స్కూల్ హాల్లో కార్మికుల చిత్రాల ప్రదర్శన ఉందని, ఆ శుక్రవారం సాయంత్రం నాలుగు లోపు బొమ్మ అక్కడికి చేర్చాలని కూడా చెప్పాడు. అదే రోజు వెళ్దామనుకున్నాను.

ఉదయం తొమ్మిదిన్నరకు ట్యాక్సీ ఎక్కాను. శుక్రవారం అక్కడ సెలవు, పొద్దున రోడ్లు ఖాళీ. వక్రా పట్నం వైపు దిగి దక్షిణంగా పోతుంటే గ్యాస్ డబ్బుతో లేస్తున్న భవనాల క్రేన్లు వెనకబడి, కంటైనర్ యార్డులు, గోదాములు, ఒకే ఎత్తు క్యాంపుల వరసలు మొదలవుతాయి. మొత్తం నలభై నిమిషాలు. మీటరు అరవై రియాళ్ళు దాటింది. డ్రైవరుది హైదరాబాద్, యాకుత్‌పురా. "అక్కడ ఏముంది సార్ చూడనీకి? క్యాంపులు, ఇసుక" అన్నాడు. బొమ్మలున్నాయట అన్నాను. "ఉంటే ఉంటయి లెండి. చేతులైతే అందరికీ ఉన్నయి కదా" అని రేడియో పెంచాడు.

గేటు దగ్గరికి రాజలింగం వచ్చాడు. జగిత్యాల దగ్గరి మనిషి, నలభై దాటాయి. ఊళ్ళో గోడల మీద ప్రకటనలు, దుకాణాల బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఇక్కడ పైపుల యార్డులో పెయింటర్. అతని రంగులన్నీ యార్డులో మిగిలిన డబ్బాల అడుగులే: నీళ్ళ లైనుకు వేసే ఆకుపచ్చ, మంటలార్పే లైనుకు వేసే ఎరుపు, గ్యాస్ లైను పసుపు. మనుషుల ఒంటిరంగు అందులో ఉండదు కాబట్టి తుప్పు పట్టకుండా వేసే ఎర్రటి ప్రైమర్లో కొంచెం పసుపు కలుపుతాడు. "అందుకే బస్సుల అందరం అన్నదమ్ముల లెక్క ఉంటం" అన్నాడు.

బొమ్మ రిక్రియేషన్ గదిలో గోడకు ఆనించి ఉంది. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీట్లు రెండు, పొడవుకు పక్కపక్కనే. మొత్తం పదహారడుగుల బస్సు. గీతలు కామారెడ్డి ఖాజా గీస్తాడు, రంగులు రాజలింగం నింపుతాడు. ఖాజా సెంట్రింగ్ కార్పెంటర్. కాంక్రీటు పోయడానికి కట్టే చెక్కల మీద కొలతలు గీసే పెన్సిలుతోనే, మనుషులు నిద్రపోతుంటే ఎదురు సీట్లో కూర్చుని మొహాలు గీసుకున్నాడు. ఆరు నెలల శుక్రవారాలు పట్టింది. వచ్చే వారం క్యాంపు ఖాళీ చేస్తున్నారు. కొత్త క్యాంపులో ఇలాంటి గది లేదు. బొమ్మ ఇవాళ దోహా చేరకపోతే ఇక్కడే చెత్తలో పోతుంది.

ఖాజా జుమ్మా నమాజుకు వెళ్ళాడు. అతను వచ్చేలోపు మెస్‌లో తిన్నాం. శుక్రవారం చికెన్ బిర్యానీ. వంటమనిషి గంగారాం నా ప్లేట్లో రెండోసారి వడ్డిస్తూ ఫిర్యాదు చేశాడు. "నన్ను బస్సుల ఎయ్యలేదని నెలరోజులు చాయిల చక్కెర తక్కువేసిన సార్. అప్పుడు డ్రైవర్ సీట్ల కూసోబెట్టిండు. నాకు లైసెన్సే లేదు."

"అందరు పండుకున్నరు కాకా. మెలకువగ ఉండేటోడివి నువ్వొక్కనివే" అన్నాడు రాజలింగం.

బొమ్మను తీసుకెళ్ళడానికి మాట్లాడిన పికప్ వచ్చాక అసలు సంగతి బయటపడింది. డ్రైవరు పెషావర్ వాడు. గది తలుపు చూశాడు, బయటి ఇరుకు వరండా చూశాడు, బొమ్మను చూశాడు. "మాఫీ" అన్నాడు. అరబ్బీలో, కుదరదని. రెండు షీట్లుగా తీసుకెళ్ళాలన్నదే మొదటి నుంచీ అనుకున్నది. కానీ రాజలింగం పోయిన వారం షీట్ల మధ్య సందులో పుట్టీ నింపి, అరగదీసి, పైన రంగు వేశాడు. యార్డులో వాడే రెండు డబ్బాల పుట్టీ అది. ఒకదాంట్లో ఇంకోటి కలిపితే గంటలో రాయి అవుతుంది. రెండు షీట్లు ఒకటైపోయాయి.

"ఎందుకు నింపినవ్?" నమాజు నుంచి అప్పుడే వచ్చిన ఖాజా అడిగాడు.

"జాయింట్ కనవడ్డది."

"కనవడితే?"

"రిజెక్ట్ చేస్తరు కద భాయ్" అన్నాడు రాజలింగం. అని తనే ఆగిపోయాడు. పన్నెండేళ్ళుగా జాయింట్ కనబడితే ఇన్‌స్పెక్టర్ చాక్‌పీసుతో ఇంటూ పెట్టి, పని మళ్ళీ చేయించే యార్డులో ఉన్నాడు. చెయ్యి దానంతటదే పుట్టీ తీసుకుంది.

కొయ్యాల్సిందే. ఆ జాయింటు సరిగ్గా ఖాజా మొహం మధ్య నుంచి పోతుంది. నాలుగో కిటికీలో నడుమ నిద్రపోతున్నది అతనే. పక్కనున్న కిటికీ కమ్మీ మీద కొయ్యొచ్చు కదా అన్నాను. ఖాజా నన్ను బోర్డు వెనక్కి తీసుకెళ్ళి చూపించాడు. కమ్మీ జాయింటుకు అడుగు దూరం. అక్కడ కోస్తే మధ్యలో మిగిలే అడుగు ముక్కను పట్టుకునేది పుట్టీ ఒక్కటే. పికప్ మొదటి కుదుపుకే ఊడిపోతుంది.

"వద్దు. పంపద్దు" అన్నాడు రాజలింగం. "మనిషి మొకం కోసి ఏం జూపెడతం?"

"నా మొకమే కద అన్నా. నిద్రల ఉన్న, నాకేం తెలుస్తది?" ఖాజా అప్పటికే గీత కొట్టే నీలం సుద్ద దారం తీస్తున్నాడు. "ఇరవై మంది ఉన్నరు బస్సుల. నా ఒక్కని ముక్కు కోసం అందరిని దింపుతవా?"

రాజలింగం వచ్చి దారం రెండో కొస పట్టుకున్నాడు. ఖాజా దారం లాగి వదిలాడు. తన నుదుటి నుంచి గడ్డం దాకా నీలం గీత పడింది. రంపం అతనే పట్టాడు. పక్క గదుల నుంచి వచ్చిన వాళ్ళు రెండు వైపులా బోర్డు అదరకుండా పట్టుకున్నారు. గంగారాం డ్రైవర్ సీటు దగ్గర, అంటే తన బొమ్మ దగ్గరే నిలబడ్డాడు. "బ్రేక్ మీద కాలుంచు కాకా" అన్నారెవరో. కోత నీటుగా వచ్చింది. అక్కడక్కడ రంగు పెచ్చులు లేచాయి, అంతే.

రెండున్నరకు బయల్దేరాం. ముందు సీట్లో నేను, వెనక బొమ్మ మీద దుప్పట్లు కప్పి పట్టుకుని వాళ్ళిద్దరూ. డ్రైవరు ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా వెనక్కి కేక వేశాడు. నాలుగుకు పది నిమిషాల ముందు హాల్లోకి రెండు ముక్కలూ చేరాయి. గోడకు తగిలించాక మధ్యలో వేలు వెడల్పు సందు మిగిలింది. రాజలింగం సంచిలోంచి పుట్టీ డబ్బాలు తీసి, మూత మీద కలపడం మొదలుపెట్టాడు.

ఖాజా అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనియ్."

"రిజెక్ట్..."

"ఎవడు జేస్తడు? ఇయ్యాల శుక్రవారం."

రాజలింగం కొంచెం వెనక్కి వెళ్ళి చూశాడు. ఇంకొంచెం వెనక్కి వెళ్ళాడు. మూత కింద పెట్టాడు.

ఆ సాయంత్రం ఏడు దాకా ఉన్నాను. వచ్చినవాళ్ళలో చాలామంది కార్మికులే. బస్సు వెంట కిటికీ కిటికీకి నడుస్తూ, తెలిసిన మొహాలకు పేర్లు చెప్పుకుంటూ నవ్వుకున్నారు. సందు దగ్గరికి వచ్చాక మాత్రం ప్రతివాడూ ఆగాడు. కొందరు ఎందుకిలా అని అడిగారు. రాజలింగం ప్రతిసారీ పూర్తిగా చెప్పాడు: పుట్టీ నింపిన సంగతి, తలుపు, రంపం, తన తప్పుతో సహా. ఖాజా తన మొహం పక్కనే నిలబడి ఫోటోలు దిగాడు. ఇన్నేళ్ళ విలేకరి పనిలో చాలా ప్రదర్శనలు చూశాను. ఎలా వచ్చాయో దాచకుండా గోడ ఎక్కిన బొమ్మలు వాటిలో తక్కువ. మేం బయల్దేరేటప్పటికి మూతలో కలిపిన పుట్టీ రాయైపోయింది. రాజలింగం దాన్ని గోరుతో గీరి చూసి, చెత్తబుట్టలో వేశాడు.

ఈ క్యాంపు ఇప్పుడు లేదు కానీ, మిగతా క్యాంపులకు వెళ్ళాలనుకునేవారికి ఒక మాట. క్యాంపుల వైపు తిరుగు ట్యాక్సీలు దొరకవు, వచ్చిన డ్రైవరునే ఆగమని మాట్లాడుకోండి. శుక్రవారం జుమ్మా అయ్యాక వెళ్తే మనుషులు తీరిగ్గా ఉంటారు, మెస్‌లో భోజనమూ దొరుకుతుంది.