ఆ వైసుకు వంకర లేదు

ఆ రోజుల్లో ఆత్మకూరు మొత్తం మీద డయల్ గేజీ ఉన్నది నా ఒక్కడి దగ్గరే అని నేను నమ్మేవాణ్ణి. నిజమో కాదో ఎవరూ విచారించలేదు గానీ, ఆ నమ్మకంతో నా నడకే మారిపోయింది. గడియారం మొహం, వణికే ముల్లు, మిల్లీమీటరును నూరు ముక్కలు చేసి చూపించే ఆ వస్తువును మఖమల్ పెట్టెలో పెట్టి, జేబులో వేసుకుని పెళ్ళిళ్ళకు కూడా వెళ్ళేవాణ్ణి. (ఒక పెళ్ళిలో భోజనాల బల్ల ఎంత ఏటవాలుగా ఉందో కొలిచి పక్కాయనకు చెప్పాను. ఆయన ఆకు తీసుకుని ఇంకో వరసలోకి వెళ్ళిపోయాడు.) నోరు తెరిస్తే "పాయింట్ జీరో టూ" అనేవాణ్ణి కాబట్టి షెడ్డులో అందరూ నన్ను పాయింటు అని పిలిచేవాళ్ళు. అది మెప్పనుకున్నాను. ఇప్పుడు నాకు నలభై ఏడేళ్ళు. సొంతంగా చిన్న షెడ్డు ఉంది. పాత వైసులు గుర్తుపట్టడంలో గట్టివాడినని పేరు కూడా వచ్చింది. ముఖం తెలియని కుర్రాళ్ళు ఫోన్లో ఫోటోలు పంపి "అన్నా, ఇది ఏ కాలం నాటిది, తీసుకోవచ్చునా" అని అడుగుతారు. "ముందు దాని అడుగు తుడువు" అని జవాబు పెడతాను. ఆ మాట నాకు ఎలా వంటబట్టిందో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల ఉదయగిరిలో ఒక పెద్దాయనకు ఏం జరిగిందో ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మా ఓనరన్న ఆ ఏడు ఎక్కడో వేలంలో ఇనుమును చెక్కే పాత మిల్లింగ్ మిషను ఒకటి పట్టుకొచ్చాడు. మిషను వచ్చింది గానీ దాని మీద బిగించాల్సిన వైసు రాలేదు. కట్టర్ తిరుగుతున్నప్పుడు ఇనుప ముక్కను కదలకుండా పట్టుకునే దవడలు అవి. అవి లేకపోతే ఆ మిషను పెద్ద ఇనుప గూడు తప్ప మరేమీ కాదు. నన్ను ఆ మిషనుకు ఆపరేటరును చేశారు. వైసు లేని మిషను పక్కన నేను నెల రోజులు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను, అయినా లేతు మీద పనిచేసే వాళ్ళకంటే ఒక మెట్టు పైనున్నట్టే ఉండేది. అంతలో ఉదయగిరిలో చర్చి మిషన్ వాళ్ళ పని షెడ్డు ఒకటి మూతపడిందనీ, అక్కడ ముప్పై ఏళ్ళు చేసిన పెద్దాయన దగ్గర సొంత వైసు ఉందనీ తెలిసింది. ఓనరన్న కబురు పెట్టాడు. తిరుగు కబురు ఇలా వచ్చింది: "వైసు ఒక్కటే రాదు. నేను గూడా వస్తాను. చూసుకోండి, వైసు బాగుంటే నాకు పని ఇయ్యండి. బాగలేకపోతే రెండూ వద్దు." ఓనరన్నకు ఆ మాట నచ్చింది. నాకు నచ్చలేదు. ముప్పై ఏళ్ళ చెయ్యి ఈ షెడ్డులోకి వస్తే ఈ మిషను దగ్గర నేనుండను, మళ్ళీ లేతు కింద ఇనుప రజను ఊడ్చుకోవాల్సిందే.

ఆయుధపూజ అయిన మర్నాడు వచ్చాడు పెద్దాయన. గోనె సంచిలో చుట్టిన ముప్పై కేజీల వైసును కలిగిరిలో ఒక బస్సులోంచి ఇంకో బస్సులోకి మార్చి, బస్టాండు నుంచి భుజం మీద మోసుకొచ్చాడు. తెల్ల చొక్కా, చొక్కా గుండీ పై దాకా పెట్టుకుని ఉన్నాడు, చర్చికి వచ్చినట్టు. సంచి విప్పితే షెడ్డంతా చుట్టూ చేరింది. కంపెనీ పేరు పోతపోసిన చోట అరిగిపోయి ఆరు అంకె ఒక్కటే మిగిలి ఉంది.

"జర్మనీది రా ఇది," అన్నాడు ఓనరన్న.

"రైల్వేదన్నా, అంత బరువు రైల్వేకే ఉంటాది," అన్నాడు వెల్డింగాయన.

నేను వంగి, రాళ్ళను చూసే వజ్రాల వ్యాపారిలా ఒక కన్ను మూసి చూశాను. దవడల మధ్య చదును మీద చేప పొలుసుల్లాంటి సన్నటి గుర్తులు వరసగా ఉన్నాయి. "ఇదంతా ఎవరో ఉలితో గీకినట్టుండాది," అన్నాను. (చేత్తో, ఓపికగా, వెంట్రుక వాసి కూడా ఎత్తు లేకుండా చదును చేసిన దానికే ఆ పొలుసులు ఉంటాయని ఐటీఐలో చెప్పిన రోజు నేను సినిమాకు వెళ్ళాను.)

పెద్దాయన నొచ్చుకోలేదు. "గీకింది మా మేస్త్రి, అబ్బయ్యా. అది ఎక్కడిదో నాకు గూడా తెలవదు. దాని మొహం చూడు. కట్టర్ తగిలిన గాటు ఒక్కటన్నా ఉండాదేమో చూడు," అన్నాడు. లేదు. ముప్పై ఏళ్ళు పనిచేసిన వైసు దవడ మీద ఒక్క గాటు లేదంటే దాన్ని వాడిన మనిషి ఎలాంటివాడో ఇప్పుడు నాకు చెప్పనక్కరలేదు. ఆ రోజు మాత్రం "గాట్లు కాదు పెద్దాయనా, గేజీ చెప్పాల," అన్నాను.

ఇక్కడ మా ఓనరన్న తల్లి గురించి చెప్పాలి. మేమంతా ఆమెను అవ్వ అనేవాళ్ళం. ఆయుధపూజకు అవ్వ గంధం గిన్నె పట్టుకుని వచ్చిందంటే షెడ్డులో పొట్టు కొట్టే రంపం దాకా దేన్నీ వదిలేది కాదు. మిల్లింగ్ మిషను కొత్తగా వచ్చింది కదా అని దాని టేబులు మీదే వరసగా తొమ్మిది బొట్లు పెట్టింది, ఒక్కొక్కటి రూపాయి బిళ్ళంత. "మూడు దినాలు చెరపబాకండి రా," అని హుకుం. నేను వైసు పెట్టబోయే ముందు బనియను వేస్టు గుడ్డ తీసుకుని టేబులు తుడిచాను. అవ్వ గడప దగ్గర కూర్చుని నన్నే చూస్తోంది. ఆమె చూసే వైపు ఉన్న బొట్ల పక్కనుంచి గుడ్డ తిప్పాను, వాటి మీద తిప్పలేదు. అవతలి వైపువి తుడిచేశాను.

"అడుగు తుడిచినావా అబ్బయ్యా?" అన్నాడు పెద్దాయన.

"తుడిచినాను," అన్నాను.

వైసు ఎత్తి పెట్టి, బోల్టులు బిగించి, గేజీ కొసను వైసు చదును మీద తగిలించి, టేబులు మెల్లగా జరిపాను. చదును సరిగా ఉంటే ముల్లు కదలకూడదు. ముల్లు పన్నెండు గీతలు నడిచింది. వెనక్కి జరిపితే పన్నెండు గీతలు వెనక్కి వచ్చింది. నాకు ఒళ్ళంతా చల్లగా, హాయిగా అనిపించింది. "పాయింట్ వన్ టూ," అన్నాను, శిక్ష చదివే జడ్జీలా.

పెద్దాయన ముఖంలో కోపం లేదు, తన పిల్లవాడు పరీక్ష తప్పాడని ఎవరో చెబితే నమ్మలేని తండ్రిలా ఉన్నాడు. "తీసి ఇంకోతూరి పెట్టు," అన్నాడు. "గేజీ అబద్ధం చెప్పదు," అన్నాను. "నేను ఒకతూరి చూసుకోనా?" అని టేబులు వైపు చెయ్యి చాచాడు. మా పనిలో ఒక మర్యాద ఉంది. ఒకరి మిషను మీద ఇంకొకరు అడగకుండా చెయ్యి వెయ్యరు. అడిగితే కాదనరు, అది కూడా మర్యాదే. "నా మిషను ఎవురన్నా ముట్టుకుంటే నాకు పడదు పెద్దాయనా," అన్నాను. చాచిన చెయ్యి వెనక్కి వెళ్ళింది. ఓనరన్న ఇబ్బందిగా తల గోక్కుని, "ఏమనుకోబాక పెద్దాయనా, టీ తాగి పో," అన్నాడు. ఆయన టీ తాగలేదు. నేను విప్పి ఇచ్చిన వైసును గోనెలో చుట్టుకుని, మళ్ళీ భుజానికి ఎత్తుకున్నాడు.

ఆయన గడప దాటాక టేబులు చూశాను. అవ్వ వైపు మూల ఒక గంధపు బొట్టు నలిగి, పగిలి, వైసు అడుగు అంచు దాని మీద గీత గీసినట్టు పడి ఉంది. సగం బొట్టు లేదు. అది వైసుకు అంటుకుని వెళ్ళిపోయింది. వైసును ఒక మూల ఎత్తిన పన్నెండు గీతలూ అవే. గోరుతో మిగిలిన సగాన్ని తాకి చూశాను, రాయిలా ఉంది. షెడ్డు నుంచి బస్టాండుకు అయిదు నిమిషాలు. ఉదయగిరి వైపు బస్సులు అవసరమైన రోజు ఎప్పుడూ ముందే వెళ్ళిపోతాయి. ఆ రోజు మాత్రం బస్సు టైరు పంచరయి ముప్పావు గంట నిలబడింది. వెల్డింగాయన వచ్చి చెప్పాడు కూడా, "ఆ పెద్దాయన ఇంకా వేపచెట్టు కింద సంచి మీద కూర్చోనుండాడు రా." నేను కిరసనాయిలు పోసి ఆ సగం బొట్టు కడిగేశాను. తర్వాత గేజీని కూడా తుడిచి మఖమల్లో పెట్టాను.

అంతటితో ఆగినా బాగుండేది. సాయంత్రం టీ అంగడి దగ్గర అడిగినవాళ్ళకు ఈ కథ నవ్వుతూ చెప్పాను. ఆయన నడక అభినయించాను. "వంకర వైసాయన" అన్నది నేనే. ఆ పేరు పుట్టిన నోరు నాది. అక్కడ టీ తాగేవాళ్ళలో బోరు మెకానిక్కులు ఉన్నారు, ట్రాక్టరు డ్రైవర్లు ఉన్నారు. వాళ్ళ బండ్లు ఎక్కి ఆ పేరు నాకంటే ముందే కలిగిరి చేరింది, ఉదయగిరి చేరింది. ఇంటి ముందు వైసు బిగించుకుని చిన్న పనులు చేసుకుందామనుకున్న ఆయన దగ్గరికి ఎవరూ ఇనుము తీసుకురాలేదట. మా షెడ్డుకు ఓనరన్న కొత్త వైసు కొన్నాడు. ఆరు నెలల్లో దాని దవడల మీద నేను పదకొండు గాట్లు పెట్టాను.

పని నేర్చుకున్న కొద్దీ ఆ వైసు నాకు ఎక్కువగా అర్థమైంది, అదీ నా ఏడుపు. పొలుసుల గుర్తులు అంటే ఏమిటో తెలిసిన రోజు అన్నం సయించలేదు. అలా తెలిసీ పాతికేళ్ళు ఊరుకున్నాను. పోయిన నెలలో ఎవరో పంపిన ఫోటోలో అలాంటి పొలుసులే కనబడితే ఇక కూర్చోలేక, సర్ఫేస్ ప్లేటు (అద్దంలా చదును చేసిన ఇనుప పలక), గేజీ సంచిలో పెట్టుకుని ఉదయగిరి బస్సెక్కాను. కండక్టరు సంచి ఎత్తబోయి, "ఏందన్నా ఇది, కొండ తీసకపోతన్నావా, అక్కడ ఒకటి ఉండాది గదా," అన్నాడు.

ఉదయగిరిలో దిగి ఆయన పేరు చెప్పి ఇల్లు అడిగాను. అంగడాయనకు తెలియదు. ఆటో అతనికి తెలియదు. బడి దగ్గర పంతులమ్మకు తెలియదు. ఎండలో గంట తిరిగాను. చివరికి మళ్ళీ ఆ అంగడాయన దగ్గరికే వచ్చి, తల వంచుకుని, "వంకర వైసు తాత ఇల్లు," అన్నాను. "అట్ట చెప్పు," అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు.

ఆయన చెక్క స్పూన్లు చేస్తున్నాడు. ఆ ఊళ్ళో చాలా ఇళ్ళలో ఆ పనే. వసారాలో మొద్దుకు బిగించిన వైసు దవడల మధ్య, వెంట్రుక వాసి కొలతలు పట్టాల్సిన చోట, ఒక గరిటె కాడ ఉంది. నన్ను గుర్తుపట్టడానికి ఆయనకు గేజీ పెట్టె చాలింది. నేను గంధం సంగతి మొదలుపెట్టగానే చెయ్యి ఊపాడు.

"తెలుసు అబ్బయ్యా. ఆ పొద్దే ఇంటికొచ్చి బోర్లా తిప్పితే అడుగున అతుక్కోని ఉండాది."

"మరి మళ్ళీ రాలేదే పెద్దాయనా?"

"సగమే ఉండాది. ఇంకో సగం నీ టేబులు మీద ఉంటాది గదా, ఆ పిల్లోడు చూసుంటాడు, వాడే వస్తాడులే అనుకున్నా." గరిటె కాడ తిప్పి బిగించాడు. "ఒక ఏడాది చూసినా."

ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి, ఆయన వద్దంటున్నా వినకుండా వైసు విప్పి, దాని అడుగూ ప్లేటూ మూడుసార్లు తుడిచి, అంగడాయననూ పక్కింటి వాళ్ళనూ పిలిచి వసారాలోనే పరీక్ష పెట్టాను. ముల్లు ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క గీత కూడా కదలలేదు.

"చూడండి," అన్నాను, ముల్లు వైపు వేలు చూపిస్తూ.

"అవును, కదలడంలా," అన్నాడు అంగడాయన. "బ్యాటరీ అయిపోయిందేమో."

"దీనికి బ్యాటరీ ఉండదన్నా. కదలకపోతేనే మంచిది."

"అప్పుడు ఆత్మకూరులో బాగా తిరిగిందంట గదా," అంది పక్కింటామె. "పాతదైపొయ్యుంటాది పాపం."

గేజీ బాగానే ఉందని చూపించడానికి వైసు ఒక మూల కింద కాగితం మడిచి పెట్టాను. ముల్లు గిర్రున నడిచింది. అందరి ముఖాలూ విప్పారాయి. "ఇప్పుడు తిరిగింది," అన్నాడు అంగడాయన సంతోషంగా. "అయితే వంకరే గదా, ముందు నుంచీ అనుకునేదేలే." ఆ మాట అని గిరాకీ ఉందని వెళ్ళిపోయాడు.

పెద్దాయన స్తంభానికి ఆనుకుని, పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వాడు. నేను తల పట్టుకుని కూర్చున్నాను. పత్రికలో రాస్తానని, అందరికీ తెలిసేలా అసలు పేరు పెట్టి రాస్తానని చెప్పాను.

"నా అసలు పేరు రాయబాక. ఆ పేరు చూస్తే ఎవురో అనుకుంటారు ఈ ఊళ్ళో. వంకర వైసు తాత అనే రాయి, అదైతే అందరికీ తెలుసు," అన్నాడు.

కాబట్టి అలాగే రాశాను. ఇన్నాళ్ళూ నోటి మాటగానే ఉన్న దాన్ని నా చేత్తోనే అచ్చు కూడా వేయించాను. ఇది వచ్చాక ఒక కాపీ తీసుకెళ్ళి అంగడాయన చేతికిస్తాను. అతను పైనున్న కథ పేరు ఒక్కటే చదివి, "వంకర వైసు తాతా, నీ సంగతి పేపర్లో పడింది," అని వీధంతా వినబడేలా కేకేస్తాడు. తాత కళ్ళజోడు వెతుక్కుంటూ బయటికొస్తాడు. అప్పుడు అంగడాయన వెనకాల తిరుగుతూ "అట్ట కాదన్నా, కడదాకా చదువు" అని బతిమాలుకునే నలభై ఏడేళ్ళ మనిషిని ఇప్పుడే తలచుకుంటే, ఏడవాల్సింది పోయి నవ్వు వస్తోంది.